పంతొమ్మిదో మడి గుత్త

ఓబులేసు మడిలో ఆ రోజుకు అన్నీ ఉన్నాయి, విత్తనం తప్ప.

పందిరి ఉంది. ఎండిపోయినా తీగలు ఇంకా పందిరి మీదే ఉన్నాయి. కాలువలో చెత్త లేదు, గట్టు మీద గడ్డిపరక లేదు. కానీ తెల్లారితే బేస్తవారం, గుత్త కట్టే రోజు. గుత్తగా ఇవ్వాల్సింది విత్తనం. దానికోసం అతను పొద్దుటి నుంచి పందిరి కింద తలెత్తుకుని తిరుగుతూనే ఉన్నాడు. మెడ పట్టేసింది గానీ విత్తనం దొరకలేదు.

ముందు ఆ తోట సంగతి చెప్పాలి. పెన్న ఒడ్డున ఒక చిన్న దర్గా, దాని వెనక ఎకరం తోట. ఆ ఎకరాన్ని ముప్పై రెండు మడులుగా చేసి, ఇంటి ముందు ఒక మల్లె అంటు నాటుకోవడానికి కూడా జాగా లేనివాళ్లకు గుత్తకు ఇస్తారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, బస్సు కండక్టరు, బడి పంతులు, అందరూ పక్కపక్కనే. ఒక్కో మడి చిన్న పెళ్లిపందిరి వేసేంత ఉంటుంది. మృగశిర కార్తెలో ఇస్తారు. కార్తీకం వెళ్లేలోగా గుత్త కట్టాలి. గుత్త అంటే తన మడిలో ముదిరిన కాయ నుంచి తీసిన గింజలు, ఒక గుప్పెడు.

ఇచ్చేస్తే చాలదు. తోట చూసుకునే దస్తగిరి తాత ఆ గుప్పెడులోంచి పది గింజలు తీసి, తడిగుడ్డలో మూట కట్టి, దర్గా వసారాలో తాడుకు వేలాడదీస్తాడు. రోజూ రెండు పూటలా నీళ్లు చల్లుతాడు. మళ్లీ బేస్తవారం నాడు అందరి ముందూ విప్పుతాడు. పదింట్లో ఏడు మొలిస్తే గుత్త ముట్టినట్టు, మడి మళ్లీ పంటకూ వాళ్లదే. మొలవకపోతే, వసారా గోడ మీద బొగ్గుతో రాసి ఉన్న పేర్లలో మొదటివాళ్లకు పోతుంది. మిగిలిన గింజలు ఇంకెవరి మడికో వెళ్తాయి. ఎవరి విత్తనం వాళ్లకు తిరిగి రాదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, మార్చాలని ఎవరికీ తోచలేదు.

దస్తగిరి తాతను ఊళ్లో చాలామంది తోటమాలి అనుకుంటారు. కొద్దిమంది మాత్రం గురువు అంటారు. ఆ కొద్దిమందిలో ఓబులేసు ఒకడు.

ఓబులేసుకు బస్టాండు వెనక మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లు విప్పి, రాగితీగ కొత్తగా చుట్టి, చుట్టలు కదలకుండా నూలుదారంతో బిగించి ఒక ముడి వేస్తాడు. మోటారు మళ్లీ కాలితే కాలుతుందేమో గానీ ఓబులేసు ముడి ఊడదని చుట్టుపక్కల రైతులు చెప్పుకుంటారు. మనిషిదీ ఉడుంపట్టే. పట్టుకున్న పని వదిలిపెట్టడం పుట్టినప్పటి నుంచీ ఎరగడు.

మూడేళ్ల నుంచి అతను పట్టుకున్నది ఒక్కటే, బోధ, గురువు శిష్యుడికి ఇచ్చే ఉపదేశం. "తాతా, నాకు బోధ ఇయ్యి" అని ప్రతి బేస్తవారమూ అడిగేవాడు. "టీ తాగు నాయనా" అనేవాడు తాత. టీ తాగి వెళ్లిపోయేవాడు, మళ్లీ వారం వచ్చేవాడు. అలా మూడేళ్లు టీ తాగాక, ఈ ఏడు మృగశిరలో తాత లోపలికెళ్లి ఒక కాగితం పొట్లం తెచ్చాడు.

"పంతొమ్మిదో మడి ఖాళీగా ఉండాది. తుంగ ఉండాదని గోడ మీద పేర్లున్నోళ్లంతా వద్దన్నారు. తీసుకో. గుత్త కట్టు. కట్టిన రోజు అడుగు."

"కడితే ఇస్తావా తాతా?"

"అడుగు అన్నా కదా."

పొట్లంలో నల్లటి బీరగింజలు ఉన్నాయి, లెక్కపెడితే ఇరవై కూడా లేవు.

"మా గురువు నా చేతిలో పెట్టిన బీర ఇది," అన్నాడు తాత. "పెట్టెలో మిగిలింది ఇంతే. నీకొక్కడికే ఇస్తాండా."

ఆ మాటకు ఓబులేసు గుండె పొంగింది. గోడ మీద పేర్లు రాయించుకుని అంతమంది కూర్చుని ఉంటే, ఆఖరి గింజలు తనకు! ఈ తోటలో ఇలాంటి బీర ఇంతవరకూ కాయలేదని అనిపించి తీరాలని అప్పుడే అనుకున్నాడు.

పంతొమ్మిదో మడి అంటే తోటలో అందరూ ముక్కు చిట్లిస్తారు. అంతా తుంగ. పైన కోస్తే కింద గడ్డ నవ్వుతుంది. ఓబులేసు పన్నెండు రోజులు షాపు సగం పూటే తెరిచి మిగతా సగం మడిలో కూర్చున్నాడు. పారతో కొడితే గడ్డ ముక్కలై పదింతలవుతుందని పక్క మడి కుళ్లాయమ్మ చెబితే, వేళ్లతో మట్టి తవ్వి ఒక్కో గడ్డనూ వేరుతో సహా లాగాడు. తీగ చుట్టే వేళ్లు, మట్టి పనికి బొబ్బలెక్కాయి. బొబ్బల మీద గుడ్డ చుట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. బండగా తవ్వి పారేసేవాళ్లను చూసిన తోట అది, ఇలాంటి మనిషిని చూడటం కొత్త.

"పట్టు ఉండాదిలే నీకు," అంది కుళ్లాయమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి, ఇరవయ్యేళ్లుగా ఆ మడిలో చిక్కుడు వేస్తోంది. ఆమె మెచ్చుకోవడం అంటే తోటంతా మెచ్చుకున్నట్టే.

గింజలు అన్నీ మొలిచాయి. తీగ పందిరెక్కింది. శ్రావణంలో పూత, ఆ వెనకే పిందె. మూర పొడుగు కాయలు, ముట్టుకుంటే తెగిపోయేంత లేతవి. ఓబులేసు రోజూ తెల్లవారే వచ్చి వాటిలో మంచివి ఏరి కోసేవాడు. బేస్తవారం దర్గాలో వండే అన్నంలోకి అందరూ కూర తెస్తారు. ఎవరు ఏం తెచ్చినా ఓబులేసు గంప ముందు అవి వెలవెలబోయేవి. "ఎవరి మడివి ఇవి?" అని అడిగినప్పుడల్లా అతను ఏమీ ఎరగనట్టు గంప ఇంకొంచెం ముందుకు జరిపేవాడు.

"ఒకటి రెండు ముదరనీయబ్బా," అంది కుళ్లాయమ్మ ఒకసారి.

"ముదిరితే పీచే కదవ్వా. ఎవరు తింటారు? చివర్లో నాలుగు వదిలేస్తాలే."

"చివర్లోనా?" అని ఇంకేదో అనబోయి చిక్కుడు తీగ వైపు తిరిగిపోయింది.

తర్వాత ఇద్దరికీ చిన్న తగాదా కూడా అయింది. ఓబులేసు తీగ ఒకటి పెరిగి పెరిగి కుళ్లాయమ్మ పందిరి మీదికి పాకింది. అక్కడొక కాయ కాసింది. ఆ పంటకంతటికీ తలమానికం లాంటి కాయ. బేస్తవారం గంపలో పైన పెట్టడానికి అదే సరైనదని ఓబులేసు చెయ్యి చాచాడు. కుళ్లాయమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటేసింది.

"నా పందిరి మీద కాసింది నాది."

"తీగ నాది కదవ్వా!"

"అట్లయితే తీగను ఇంటికి పిలుచుకొని పో."

ముసల్దానికి ఒక్క కాయ మీద ఎంత ఆశ అనుకున్నాడు ఓబులేసు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

కార్తీకం సగమయ్యేసరికి తీగలు వాడిపోయాయి. చివర్లో వదిలేస్తానన్న నాలుగు కాయలు వదిలాడు. కానీ అవి పేరుకే కాయలు. వంకరపోయి, బొటనవేలంత లావుండి, పురుగు తొలిచినవి. ఆ బుధవారం వాటిని కోసి విప్పి చూస్తే లోపల తెల్లటి పొల్లు. నోటితో ఊదితే ఎగిరిపోయింది.

అప్పుడు అతనికి మొదట తోటా గుర్తు రాలేదు, తాత గురువూ గుర్తు రాలేదు. పై బేస్తవారం అందరి ముందూ తన మూట విప్పితే ఒక్క మొలకా ఉండదు, అదొక్కటే కళ్ల ముందు ఆడింది. తుంగను గెలిచినవాడు, అందరి గంపలూ వెలవెలబోయేలా చేసినవాడు, గుత్త కట్టలేకపోయాడని తోటంతా అనుకుంటుంది. మూడేళ్లు అడిగిన బోధ కూడా ఆ గుత్తతోనే పోతుంది.

సాయంత్రం షాపు మూసి బజారుకెళ్లి ఒక విత్తనాల పాకెట్టు కొన్నాడు. బీరగింజలే. అయితే పురుగు పట్టకుండా మందు పట్టించినవి, ముదురు గులాబీ రంగు పూసినవి. ఇంటి వెనక తొట్టి దగ్గర కూర్చుని చింతపండు రసంతో రుద్దాడు, నీళ్లతో కడిగాడు, మళ్లీ రుద్దాడు. నాలుగోసారికి నల్లగా వచ్చాయి. పాత గుడ్డ మీద ఆరబోసి, మూటగట్టి, ఇదీ ఒక పనేనని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మొలవాలనే కదా గుత్త, ఇవి మొలుస్తాయి కదా అనుకున్నాడు.

బేస్తవారం తాత వాటిని అరచేతిలో పోసుకుని చూశాడు. పది తీసి, తెల్లగుడ్డ ముక్క తడిపి, మూట కట్టి, పంతొమ్మిదో చోట వేలాడదీశాడు. ముప్పై రెండు తెల్లటి మూటలు వరసగా ఊగుతున్నాయి. ఓబులేసు ఊపిరి తీసుకున్నాడు.

మూడో రోజు సైకిలు మీద అటుగా వెళ్తూ చూస్తే ఒక మూట తెల్లగా లేదు.

దగ్గరికెళ్లాడు. తనదే. గింజ సందుల్లో ఎక్కడో మిగిలిన రంగు తడికి ఊరి, గుడ్డ అడుగున ఎర్రటి మరక కట్టింది. నాలుగో రోజుకు మరక మూట సగం దాకా పాకింది. తాత పూటపూటా వచ్చి అన్నింటి మీదా సమంగా నీళ్లు చల్లి పోతున్నాడు. చూశాడో లేదో ముఖం చూస్తే తెలియదు.

ఓబులేసు పట్టు వదిలే మనిషి కాదని ముందే చెప్పాను. ఐదో రోజు పొద్దున్నే జేబులో కొత్త తెల్లగుడ్డ ముక్క మడిచి పెట్టుకుని దర్గాకు వచ్చాడు. ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో ఏమీ అనుకోలేదు. ఎలాగోలా చేసేయాలి, అంతే.

తాత వసారాలో నీళ్లు చల్లుతున్నాడు. ఓబులేసును చూడగానే చెంబు అతని చేతికిచ్చాడు.

"వచ్చినావా? ఈ పూట నువ్వు చల్లు. నేను టీ పెట్టుకొస్తా."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

వసారాలో ఓబులేసు, ముప్పై రెండు మూటలు, అంతే. చెంబు కింద పెట్టాడు. పంతొమ్మిదో మూట విప్పాడు. గింజలు అప్పటికే పగిలి, ఐదారింటికి తెల్లటి ముక్కులు బయటికొచ్చాయి. ముక్కులు విరగకుండా ఒక్కోదాన్నీ కొత్త గుడ్డలోకి మార్చాడు. ఆ పనిలో అతని చేతులకు సాటి ఊళ్లో లేదు. గుడ్డ తడిపి, దగ్గరికి లాగి, ముడి వేసి, తాడుకు కట్టాడు. ఎర్రమరక గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. తర్వాత అన్నింటి మీదా నీళ్లు చల్లాడు.

తాత టీ తెచ్చాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తాగారు.

మళ్లీ బేస్తవారం వచ్చింది. ముప్పై రెండు మడుల వాళ్లూ వసారా ముందు చాపలేసుకుని కూర్చున్నారు. గోడ మీది పేర్లలో మొదటిది మీరావలిది. బట్టలు కుట్టే మీరావలి రెండేళ్లుగా మడి కోసం ఎదురుచూస్తున్నాడు. ప్రతిసారీ లాగే ఈసారీ వచ్చి ఒక మూల కూర్చున్నాడు.

తాత ఒక్కో మూటా దించి విప్పి గింజలు చూపిస్తూ చెబుతున్నాడు. "ఎనిమిది. ముట్టింది." "తొమ్మిది. ముట్టింది." కుళ్లాయమ్మ చిక్కుడు పదికి తొమ్మిది మొలిచాయి. ఆమె కొంగు సర్దుకుని అటూ ఇటూ చూసింది. తాత ముడి ఒక్క లాగుకు ఊడిపోతుంది, ముప్పై ఏళ్లుగా అదే ముడి. పనీ చకచకా సాగుతోంది.

పంతొమ్మిదో మూట దగ్గర ఆగింది.

తాత ఒక కొస లాగాడు. రాలేదు. రెండో కొస లాగాడు. బిగిసింది. గోరు దూర్చి చూశాడు, పంటితో చూశాడు. ఆ నిమిషంలో ఓబులేసు తన చేతుల వంక చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా మోటారు చుట్టలకు వేసే ముడి. వద్దనుకున్నా చేతులు అదే వేస్తాయి. ఐదో రోజు పొద్దున్నా అదే వేశాయి.

తాత తలెత్తాడు. ఆ కళ్లలో కోపం లేదు. నిష్ఠూరమూ లేదు. చేతకాని పని ఎదురైన ముసలివాడి చూపు, అంతే.

"ఈ ముడి నాకు రాదు ఓబులేసూ. నువ్వే విప్పు నాయనా."

మూట అతని చేతిలో పెట్టి, తాను ఇరవయ్యో మూట దించుకోవడానికి తాడు వైపు తిరిగాడు.

చాపల మీద కూర్చున్న వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. తడికి ముడి బిగిసింది, ముసలాయన వేళ్లు ఆడలేదు, చేతిపనివాడు విప్పుతున్నాడు. అంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఓబులేసు మధ్యవేలితో ఒక చిన్న కొస ఎత్తితే ముడి పువ్వులా విడిపోయింది.

"పదికి పది!" అంది కుళ్లాయమ్మ గట్టిగా.

పదీ మొలిచాయి. ఒక్కొక్కటీ వేలి కణుపంత మొలక. చాపల మీద నుంచి "ఆహా" అన్నారు. ఓబులేసు చేతిలో తడిగుడ్డ, అందులో పది మొలకలు.

తాత ఇటు తిరిగాడు. "పదీ మొలిచినాయి. గుత్త రోజు అడగమన్నా కదా. అడుగు."

మూడేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాడు. అడిగితే చాలు, మడి తనది, బోధ తనది. వెక్కిరించేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. నోరు తెరిచాడు. చెయ్యి జేబు మీదికి పోయింది. జేబులో ఆ గుడ్డ ఉంది. అప్పటి నుంచీ పొయ్యిలో వేద్దామని, కాలువలో పారేద్దామని అనుకుంటూ ఎక్కడా వేయలేక జేబులోనే తిప్పుతున్నాడు. అది తీసి తాత ముందు పెట్టాడు.

"ఇవి నా మడివి కావు తాతా. బజారువి. రంగు కడిగి తెచ్చినా. గుడ్డకు రంగు దిగితే గుడ్డ మార్చినా."

చాపల మీద తలలన్నీ ఓబులేసు వైపు తిరిగాయి.

"మరి నేనిచ్చిన విత్తనం?" అన్నాడు తాత.

ఓబులేసుకు తల ఎత్తబుద్ధి కాలేదు. "లేదు తాతా. మంచివన్నీ కోసేసినా. చివర మిగిలినవి పొల్లు."

"అట్లనా."

అంతే అన్నాడు. కానీ ఆ మాటతో పాటు తాత చెయ్యి మోకాలి మీదికి జారి అక్కడే ఉండిపోయింది. అప్పటిదాకా ఓబులేసుకు తన పరువు పోతోందన్న బాధే ఉంది. ఆ చెయ్యి చూశాక ఇంకొకటి అర్థమైంది. తాత గురువు తాత చేతిలో పెట్టినది, ఎన్నో ఏళ్లు ఎన్నో మడులు తిరిగినది, తన గంప నిండటానికి తనతో ఆగిపోయింది. అతనికి ఏడుపొచ్చింది. నలుగురి ముందూ ఏడ్చాడు.

కుళ్లాయమ్మ గొణుక్కుంటూ లేచింది. మోకాళ్లు పట్టుకుని తన మడి దాకా నడిచి వెళ్లి, కొంగులో ఏదో చుట్టుకుని వచ్చింది. విప్పితే ఒక ఎండు బీరకాయ. పీచు పీచుగా, గోధుమరంగులో, కర్ర లాగా ఉంది. తొడిమకు పాత చీర పీలిక కట్టి ఉంది.

"నా పందిరి మీద కాసింది నాదని చెప్తే నాకేదో తిండియావ అనుకున్నాడు ఈడు," అంది. "చివర్లో వదుల్తానన్నాడు కదా, అప్పుడే అనుకున్నా. విత్తనానికి వదలాల్సింది ముందొచ్చిన మంచి కాయనబ్బా! ఇన్నేళ్లలో నేను చూడలేదా?"

తాత ఆ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంది. ముసలాయన కళ్లు మూసుకుని ఇంకోసారి ఊపాడు, వినడానికే. తర్వాత మీరావలిని పిలిచి కాయ అతని చేతిలో పెట్టాడు.

"పంతొమ్మిదో మడి నీది. ఇది నీ విత్తనం."

ఎర్రమరక గుడ్డ ఇంకా కిందే పడి ఉంది. తాత దాన్ని తీసి పొడుగ్గా నాలుగు పీలికలు చించి అవి కూడా మీరావలికే ఇచ్చాడు. "కాయకు గుర్తు కట్టుకోవడానికి పనికొస్తాయి."

ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు. "నా పేరు గోడ మీద చివర రాయి తాతా."

"ఇరవై ఏడో పేరవుతుంది."

"కానీలే."

"నీ వంతు రావడానికి చానా ఏళ్లు పడుతుంది."

"ఉంటా తాతా."

తాత బొగ్గుముక్క అందించాడు. ఓబులేసే రాసుకున్నాడు. బోధ సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

మడి పోయిన మనిషి మళ్లీ తోటకు రాడనుకున్నారు. మరుసటి వారం వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. బావి మోటారు మూలుగుతుంటే విప్పి కొత్త తీగ చుట్టాడు. కాలువ గండి పడితే పూడ్చాడు. కుళ్లాయమ్మ పందిరి రాట పుచ్చిపోతే కొత్తది పాతాడు. ఆమె ఇస్తానన్న చిక్కుడుకాయలు వద్దన్నాడు. "ఇంకా కోపమేనా?" అంటే, "కాదవ్వా, నాకు గంప లేదు" అన్నాడు. ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు. అప్పుడప్పుడు పంతొమ్మిదో మడి గట్టు మీద కూర్చుని, మిగిలిన తుంగ మొలకెత్తితే వేళ్లతో గడ్డ దాకా లాగేవాడు. ఆ మడి తనది కాదు గానీ, ఆ తుంగ మాత్రం తనదేనన్నట్టు వదిలిపెట్టలేదు.

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది. మీరావలి మృగశిర దాకా ఆగకుండా వేసిన బీర పందిరెక్కి కాసింది. పాత బీరే, అదే మూర పొడుగు.

ఒక పొద్దున మీరావలి ఎర్రపీలికలు పట్టుకుని వచ్చాడు. "ఓబులేసన్నా, విత్తనానికి ఏ కాయకు కట్టాలో చూసి పెట్టవా? నాకు అన్నీ ఒకటే లాగ ఉండాయి."

ఓబులేసు పందిరి కింద చివరి నుంచి చివరికి తలెత్తుకుని నడిచాడు. వంకరవి వదిలేశాడు. చిన్నవి వదిలేశాడు. బాగున్నవాటి దగ్గర కూడా ఆగలేదు. నడి పందిట్లో, ఎండా నీడా సమంగా పడే చోట, పొడుగ్గా నునుపుగా వేలాడుతున్న దాని దగ్గర ఆగాడు. దాన్ని చూస్తే అతనికి పాత బేస్తవారాల గంప గుర్తొచ్చింది.

"అదా?" మీరావలి మొహం పడిపోయింది. "అన్నా, ఈ పందిట్లో దానంత కాయ లేదే. ఈ బేస్తవారానికి గంపలో పైన పెడదామనుకున్నా."

"తెలుసు," అన్నాడు ఓబులేసు. పీలిక తీసుకుని తొడిమకు చుట్టి కట్టాడు. గాలికి జారకుండా, కాయ పెరిగినా తొడిమను కొయ్యకుండా, అతని చేతులకు తెలిసిన ముడే వేశాడు.

వెనక అడుగుల చప్పుడైంది. దస్తగిరి తాత వచ్చి ఆ పీలికను చూశాడు. ఒక కొస లాగాడు. రాలేదు. రెండో కొస లాగాడు. బిగిసింది. సరే అన్నట్టు తలాడించి, మెల్లగా గట్టు మీద కూర్చుని, మీరావలి చేతిలోంచి ఇంకో పీలిక అందుకుని తన వేలికి చుట్టుకున్నాడు.

"ఓబులేసూ, ఇట్ల కూర్చో," అన్నాడు. "ఈ ముడి నాకు నేర్పు."

ఓబులేసు గురువు ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ ముసలి వేళ్లను తన వేళ్లలోకి తీసుకున్నాడు.

"మొదట ఈ కొస తాతా," అన్నాడు.